కరవుసీమలో చలికాలము

చలికాల మనగానే మనకు మంచుకొండలును, ఉన్నికోటులును స్ఫురించును. అనంతపురము సీమ యనగానే మండుటెండయు, ఎఱ్ఱమన్నును, నీరింకిన యేరును కన్నులకు కట్టును. ఈ రెంటికిని పొత్తు లేదని చాలమంది తలంతురు. కాని మార్గశిర పుష్య మాసములలో ఒక తెల్లవారుజామున మా సీమలోని పల్లెకు వచ్చి చూచినచో ఆ తలంపు మారిపోవును. ఇంటి ముంగిళ్ళలో నెగళ్ళు మండుచుండును. వాని చుట్టును ముదుసళ్ళు, పిల్లలు అరచేతులు చాచి కూర్చుండి యుందురు. గొర్రెల మందల మీద తెల్లని ఆవిరి లేచుచుండును. గరికపోచల కొనలపై మంచుబిందువులు నిలిచి యుండును. ఎంతటి తుంటరి పిల్లవాడైనను ఆ వేళ నెగడు విడిచి కదలడు.

అనంతపురము సీమ దక్కను పీఠభూమిలో నొక భాగము. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన పాత అనంతపురము జిల్లా రెండుగా విభజింపబడినది. హిందూపురము, పెనుకొండ, కదిరి, ధర్మవరము, మడకశిర మొదలగు ప్రాంతములు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. జిల్లాలు రెండైనను నేల ఒకటే, గాలి ఒకటే. అనంతపురము పట్టణము సముద్రమట్టమునకు సుమారు 350 మీటర్ల యెత్తున నున్నది. దక్షిణమునకు పోయిన కొలదిని నేల యెత్తు పెరుగుచుండును. హిందూపురము, మడకశిర ప్రాంతములు 600 మీటర్లకు పైబడిన యెత్తున నున్నవి. అందుచే అచ్చట చలి మరికొంత హెచ్చు.

ఈ సీమలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియును. నైరృతి ఋతుపవనములు తెచ్చు మేఘములను పడమటి కనుమలు అడ్డగించి, తమ ఆవలి వైపుననే చాలవరకు కురిపించుకొనును. ఈశాన్య ఋతుపవనములు బంగాళాఖాతము నుండి ఇంతదూరము వచ్చునప్పటికి వాని బలము తగ్గిపోవును. ఇట్లు రెండు దిక్కుల వానలకును ఈ నేల దూరమైనది.

వానకును చలికిని సంబంధ మేమని మీరడుగవచ్చును. పగలంతయు భూమి ఎండవేడిని గ్రహించును. రాత్రివేళ ఆ వేడిని మరల ఆకాశములోనికి విడుచును. ఆకాశమున మేఘములున్నచో అవి ఆ వేడిలో కొంత భాగమును గ్రహించి తిరిగి నేలమీదికే పంపును. గాలిలోని తేమయు అట్లే చేయును. కనుక మేఘములు భూమికి కప్పిన దుప్పటి వంటివి. మా సీమలో చలికాలపు రాత్రులందు ఆకాశము తేటగా నుండును. గాలి పొడిగా నుండును. కప్పు లేని నేల తన వేడిని త్వరత్వరగా పోగొట్టుకొనును. మే నెలలో పగటి వేడిమి 40 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు వచ్చు అనంతపురములో, డిసెంబరు, జనవరి రాత్రుల వేడిమి సగటున 17 డిగ్రీల చెంతకు దిగును. కొన్ని రాత్రులలో ఇంకను బాగుగా తగ్గును. ఉత్తరదేశము వారికిది చలియే కాదనిపించవచ్చును. ఎండకు కాగిన మా మేనులకు ఇదియే చాలు.

అనగా మాకు కరవును తెచ్చునదియు, చలిని తెచ్చునదియు ఆ మబ్బు లేని యాకాశమే. ఆకాశము దుప్పటి కప్పని చోట మనుష్యులు తమ దుప్పటిని తామే కుట్టుకొనవలెను. దాని నెట్లు కుట్టుకొందురో చెప్పుటకే ఈ పాఠము.

వాన అనుకూలించిన యేట చలికాలము మా సీమకు పండుగవలె వచ్చును. జూన్, జూలై నెలలలో విత్తిన వేరుసెనగ అక్టోబరు, నవంబరు నెలలలో చేతికి వచ్చును. వేరుసెనగను మా సీమలో చెనిక్కాయ యందురు. చెట్లను పెరికి, ఎండబెట్టి, కుప్పలు వేసి, కాయలు విడదీయుటతో కార్తికమాసము గడచిపోవును. పొలములో పని ముగిసిన సాయంకాలము పిల్లలకు పండుగ. ఎండిన కంపయు ఆకులును కుప్పవేసి, దానిపై కాయలతో కూడిన చెట్లను పరచి, నిప్పు పెట్టుదురు. మంట ఆరిన పిమ్మట వెచ్చని బూడిదలో చేతులు పెట్టి కాయలను వెదకికొందురు. అట్లు వెదకి తినుటలో నున్న రుచి, ఒలిచి పళ్ళెములో పెట్టి యిచ్చినచో రాదు. చేతులును మూతులును నల్లనగును. ఒకరి మూతి నొకరు చూచి నవ్వుకొందురు. తన మూతి సంగతి ఎవరికిని తెలియదు.

ఈ చెనిక్కాయ మన దేశమున పుట్టిన పంట కాదు. దక్షిణ అమెరికా ఖండమున పుట్టి, సముద్రములు దాటి వచ్చినది. మా సంగటికి పిండి నిచ్చు రాగి తూర్పు ఆఫ్రికాలోని యెత్తైన నేలలలో పుట్టినది. తక్కువ నీటితో బ్రతుకగల గుణము వానికుండుటచే ఈ మెట్టసీమ వానిని తన బిడ్డలుగా చేసికొన్నది. చెనిక్కాయలో పారవేయదగిన దేదియు లేదు. గింజ నూనెకును, తిండికిని పనికివచ్చును. నూనె తీయగా మిగిలిన చెక్కను పశువులు తినును. ఎండిన చెట్టు ఎద్దులకు మేత యగును. కాయపై పొట్టు నీళ్ళపొయ్యిలో మండును. కొద్దిపాటితో బ్రతుకు సీమలో దేనినైనను కడవరకు వాడుకొనుట సహజమైన విద్య.

ఉదయపు స్నానము మరియొక సుఖము. పెన్న, చిత్రావతి మొదలగు యేళ్ళు ఏడాదిలో పెక్కు మాసములు ఇసుకమేటలై యుండును. ఆ యిసుకలో గుంత త్రవ్వినచో నీరూరును. దానిని చెలమ యందురు. చలికాలపు తెల్లవారుజామున చెలమనీటిలో గాని, బావినీటిలో గాని చేయి పెట్టినచో గోరువెచ్చగా తోచును. నీటిపై సన్నని పొగ లేచుచుండును. ఆ నీటిని ఎవ్వరును కాచలేదు. నేల లోపలి వేడిమి ఋతువును బట్టి అంతగా మారదు. బయటి గాలి చల్లబడుటచే లోపలి నీరు మనకు వెచ్చగా తోచును. పిల్లలు మొదట కడవను చూచి వణకుదురు. తలపై నీరు పడిన పిమ్మట, ఇంకను పోయుమని అడుగుదురు. నీరు పోయుట ఆపినప్పుడే చలి తగులునని వారికి తెలియును. స్నానమైన పిమ్మట చర్మము పగులకుండ చెనిక్కాయనూనెయో, వెన్నయో రాచి, నీరెండ తగులు గోడవారగా కూర్చుండబెట్టుదురు. జలుబు చేసినవారికి శొంఠియు, మిరియములును, బెల్లమును వేసి కాచిన కషాయము సిద్ధము. హిందూపురము బెల్లమునకును, చింతపండునకును పేరుపొందిన వర్తకస్థలము. కనుక కషాయమునకు కావలసిన బెల్లమునకై మాకు దూరదేశములు పోవలసిన పని లేదు.

పుష్యమాసపు వంటలలో అగ్రస్థానము అనపకాయలది. మంచు కురిసిన కొలదిని కాయకు సువాసన హెచ్చునని రైతులందురు. కాయలు ఒలిచిన చేతికి ఆ వాసన మరునాటివరకును పోదు. గింజలను రాత్రి నీటిలో నానవేసి, ఉదయము వ్రేళ్ళతో ఒక్కొక్క గింజను నొక్కినచో పైతోలు జారిపోయి లోపలి పప్పు చేతిలోనికి దుముకును. పితికి తీయు పప్పు గనుక దీనిని పితికిపప్పు అందురు. సేరు గింజలు పితుకుటకు ఒంటరిగా కూర్చున్నచో ప్రొద్దుపోదు. ఇరుగుపొరుగువారు వచ్చి చుట్టును కూర్చుండి మాటలలో పడినచో చాట ఎప్పుడు నిండినదో తెలియదు. ఆ పప్పుతో పులుసు కాచి, వేడివేడి రాగిసంగటి ముద్ద నడుమ గుంట చేసి అందులో పోసికొని తినవలెను. తినుచుండగనే చెవులు వెచ్చబడును.

తాడిపత్రి, గుత్తి, ఉరవకొండ వైపు నల్లరేగడి నేలలలో జొన్న కంకులు పాలుపోసికొని గింజకట్టు కాలము గూడ నిదియే. లేతకంకులను నిప్పులపై కాల్చి, అరచేతుల నడుమ నలిపి, ఊది, ఆ ఊచబియ్యమును బెల్లపుముక్కతో తిందురు. పిల్లలు రేగుచెట్ల క్రింద చేరి పండ్లు ఏరుకొందురు. ముళ్ళు గీచుకొన్న చేతులను ఇంటిలో చూపరు.

పంట ఇంటికి చేరిన పిమ్మట రాత్రులు విశ్రాంతికి దొరకును. ధనుర్మాసమున తెల్లవారకముందే భజనబృందములు వీధులలో పాడుచు పోవును. కొన్ని రాత్రులందు చెక్కభజనలు, కొన్ని రాత్రులందు తోలుబొమ్మలాటలు జరుగును. ధర్మవరము దగ్గరనున్న నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరుపొందిన గ్రామము. మేకతోలును పలుచగా చేసి, బొమ్మలుగా కత్తిరించి, రంగులు వేసి, తెల్లని తెర వెనుక దీపముంచి ఆడింతురు. ఆ గ్రామమునకు చెందిన కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020వ సంవత్సరమున పద్మశ్రీ పురస్కారము లభించినది. రామాయణ కథ తెల్లవారుదాక సాగును. చూచువారు కంబళ్ళు, దుప్పట్లు కప్పుకొని నేలపై కూర్చుందురు. అంతవరకు నిద్రాపుకొనలేని పిల్లలు, లంకాదహనమప్పుడు లేపుమని చెప్పి తల్లి యొడిలో పండుకొందురు.

ఇది వాన కురిసిన యేటి మాట. వాన కురియని యేట చలి మాత్రము రాకమానదు. ఈ సీమ ఎన్నియో కరవులను చూచినది. 1876-78 సంవత్సరముల నాటి ఘోరమైన కరవు ధాత నామ సంవత్సరమున వచ్చినందున పెద్దలు దానిని ధాతకరవని పిలిచెడివారు. ఆకలిచే జనులు అట్లు రాలిపోవు దినములు గతించినవి. కాని వాన తప్పిన యేట పల్లెలను విడిచి పనులకై బెంగళూరు మొదలగు నగరములకు వలసపోవుట నేటికిని కలదు. అట్టి యొక యేట మా యింట జరిగిన సంగతి నిచ్చట చెప్పెదను.

అప్పుడు నాకు పదియేండ్లు. చెనిక్కాయలు అమ్మిన పిమ్మట సంతలో నాకొక రంగుల రగ్గు కొనియిచ్చెదనని మా నాయన మాట యిచ్చియుండెను. ఆ రగ్గుపై పెద్దపులి బొమ్మ యుండవలెనని నేను ముందుగనే చెప్పితిని. విత్తనము మొలచినది. పూత వచ్చినది. ఊడలు నేలలోనికి దిగవలసిన వేళ నలువది దినములు చినుకు పడలేదు. చెట్టును పెరికి చూచినచో రెండు మూడు కాయలకు మించి లేవు. అవియు తాలుకాయలు. మా నాయన ఆ చెట్టును చేతిలో పట్టుకొని చాలసేపు గట్టుమీద కూర్చుండెను. వారము తిరుగకముందే పనికై బెంగళూరు బయలుదేరెను. ఇంటిలో నున్న ఒక్క కంబళిని అమ్మ బలవంతముగా ఆయన మూటలో పెట్టెను.

"భోగినాటికి వచ్చెదను" అని నాయన నాతో చెప్పెను. రగ్గు మాట ఆయనయు ఎత్తలేదు, నేనును అడుగలేదు.

మార్గశిరము వచ్చెను. ఒకనాడు మా యవ్వ పెట్టె తెరచి పాతగుడ్డలన్నియు బయటికి తీసెను. తాతగారి పంచె, అమ్మ పెండ్లినాటి చీర, నాయన చిరిగిన పంచె, నాకు పొట్టియైపోయిన చొక్కాలు, ఏనాడో మూలబడిన గోనెసంచి తాడు సయితము అందులో నుండెను. గుడ్డలను ఉతికి, ఎండలో ఆరవేసి, కుట్లు విప్పి, పనికివచ్చు భాగములను కత్తిరించెను. తరువాత గట్టిగానున్న చీర నొకదానిని నేలపై పరచి, నాలుగు మూలల రాళ్ళు పెట్టెను. దానిపై ముక్కలను వరుసవరుసలుగా పేర్చి, పైన మరియొక చీర కప్పెను. పొరుగింటి యాడువారిద్దరు వచ్చి చెరియొక వైపున కూర్చుండిరి. అంచులనుండి లోపలికి, పొడవైన కుట్లతో, డబ్బనము పోయి వచ్చుచు పోయి వచ్చుచు నుండెను. మూలలు త్వరగా చిరుగును గనుక అచ్చట మందపు గుడ్డను రెట్టింపు వేసిరి. తొమ్మిది మధ్యాహ్నములకు బొంత తయారైనది.

నాకది నచ్చలేదు. ఒక చోట నీలము, ఒక చోట పసుపు, ఒక చోట వెలిసిపోయి రంగు తెలియనిది. పెద్దపులి లేదు సరిగదా, పిల్లి యైనను లేదు.

"అన్నియు పాతగుడ్డలే గదా, అవ్వా! చలి యాగునా?" అని యడిగితిని.

"ఒక్కగుడ్డ యైనచో ఆగదు నాయనా. పదిగుడ్డలు కలిసినచో ఆగును. కప్పుకొని చూడు" అని యవ్వ అనెను.

అవ్వ చదువుకొనలేదు. కాని ఆమె చెప్పిన మాటలో శాస్త్రమున్నది. గుడ్డ తనంతట తాను వేడిని పుట్టించదు. మన దేహమునుండి వెలువడు వేడిని బయటికి పోకుండ ఆపును. పొరల నడుమ చిక్కుకొన్న గాలి కదలదు. కదలని గాలిగుండ వేడి త్వరగా పోజాలదు. మందపు గుడ్డ ఒక్కటి కప్పుకొనుటకంటె పలుచని గుడ్డలు పెక్కు పొరలుగా కప్పుకొనుట మేలగుటకు ఇదియే కారణము. పక్షులు చలివేళ ఈకలు ఉబ్బించుకొని కూర్చుండుటయు ఇందులకే.

ఆ దినములలోనే కల్యాణదుర్గము వైపునుండి ఒక కురుబాయన గొర్రెల మందతో మా యూరికి వచ్చెను. పంటలేని మా చేనిలో మంద కట్టుమని అవ్వ ఆయనను కోరెను. రాత్రులు గొర్రెలు చేనిలో పండుకొన్నచో వాని పెంట నేలకు ఎరువగును. వచ్చు నేటి పంటకది బలము. అందులకు బదులుగా రైతులు గొర్రెలకాపరికి గింజలు ఇచ్చుట వాడుక. మా యింట రాగులు కొద్దిగా నుండెను. అవ్వ రెండు శేర్లు కొలిచి, వానితోపాటు ఒక గంప చింతగింజలు గూడ ఇచ్చెను.

"చింతగింజ లెందుకు మామా?" అని నేనాయన నడిగితిని. ఊరిలో మేమాయనను మామా యని పిలుచుచుంటిమి.

ఆయన తన భుజముపై నున్న నల్లని కంబళిని నా చేతికిచ్చి తడవి చూడుమనెను. అది గరుకుగా, బరువుగా నుండెను. "గొర్రెలకు ఏడాదికి రెండుమారులు ఉన్ని కత్తిరింతుము, అల్లుడా. ఆ యున్నిని విడదీసి, ఏకి, మా యాడువారు రాట్నముపై వడుకుదురు. మేము మగ్గముపై నేయుదుము. నూలునకు బిగువు రావలెనన్నచో చింతగింజలు నానబెట్టి, నూరి, కాచిన గంజి పట్టించవలెను. మీ యింట పులుసులో పిండి పారవేయు గింజయే మా కంబళికి ప్రాణము" అని చెప్పెను.

గొర్రె ఉన్నిలో సహజముగా కొంత జిడ్డుండును. అందుచే చిరుజల్లు పడినచో నీరు కంబళిపైనుండి జారిపోవును. వానలో గొడుగుగను, ఎండలో నీడగను, రాత్రి పరుపుగను, చలిలో కప్పుగను అది పనికివచ్చును. కాపరికి కంబళియే కదలునట్టి యిల్లు.

ఆ నెలలో ఒక రాత్రి చలి విపరీతముగా నుండెను. గాలి కత్తివలె కోయుచుండెను. నేను బొంతలో ముడుచుకొని పండుకొని యుంటిని. నడిరేయి తలుపు తట్టిన చప్పుడైనది. మామ వాకిట నిలిచియుండెను. ఆయన చేతులలో అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల తడితడిగా వణకుచుండెను.

"రెండు గొర్రెలు ఈనినవి, అవ్వా. ఒక పిల్లను నా కంబళిలో చుట్టితిని. దీనికి కప్పుటకు ఏమియు లేదు. తెల్లవారునప్పటికి దక్కునట్లు లేదు" అని యాయన అనెను. ఆయన మేనిపై పంచె తప్ప మరియొకటి లేదు.

అవ్వ నెగడు ఎగదోసెను. పిల్లను తీసికొని, ఎండుగడ్డితో దాని యొళ్ళు తుడిచెను. తరువాత నావంక చూచెను. ఏమియు అనలేదు. నేను బొంతను గడ్డముదాక లాగికొంటిని. తొమ్మిది దినములు కుట్టిన బొంత. రక్తమును, బురదయు అంటుకొన్నచో పాడగును గదా యని నాకు తోచెను. గొర్రెపిల్ల ఒక్కమారు అరచెను. అది అరపువలె లేదు, ఊపిరివలె నుండెను.

నేను లేచి బొంతను అవ్వ చేతికిచ్చితిని.

ఆ రాత్రి నేనును, అమ్మయు, అవ్వయు, మామయు నెగడు చుట్టును కూర్చుంటిమి. అమ్మ శొంఠికషాయము కాచి అందరికిని పోసెను. వంతులవారీగా కందికట్టెలు నెగడులో వేయుచుంటిమి. మామ తన చిన్ననాటి కరవు ముచ్చటలు చెప్పుచుండెను. ఎప్పుడు నిద్రపోతినో నాకు తెలియదు. మేల్కొనునప్పటికి తెల్లవారినది. బొంత నడుమనుండి ఒక నల్లని మూతి బయటికి వచ్చి నా చేయి నాకుచుండెను. మామ దానిని తల్లియొద్దకు కొనిపోయి విడిచెను. అది తడబడుచు నాలుగడుగులు వేసి పొదుగును వెదకికొనెను.

అవ్వ బొంతను ఉతికెను. మరక పోయినది, గొర్రెవాసన మాత్రము పోలేదు. పది దినములైన పిమ్మట మంద కదలిపోవుచుండగా మామ వచ్చి జానెడు కంబళిముక్క నొకదానిని నా చేతిలో పెట్టెను. "నీ బొంతకు నా వంతు, అల్లుడా" అనెను. అవ్వ దానిని నడుమ నతికి కుట్టెను.

భోగినాటి ముందురాత్రి నాయన వచ్చెను. మూటలోనుండి బెల్లపుచ్చును, అవ్వకు చీరను తీసెను. నా వంక చూచి, "రగ్గు తేలేకపోతిని నాయనా" అని తల వంచుకొనెను. నేను బొంతను తెచ్చి ఆయన ముందు పరచితిని. ఇది తాత పంచె, ఇది అమ్మ చీర, ఇది నీ పంచె యని ఒక్కొక్క ముక్కను చూపితిని. నడుమనున్న నల్లముక్క ఎవరిదని ఆయన అడిగెను. గొర్రెపిల్ల కథ అంతయు చెప్పితిని.

"నాకు చలి వేయుట లేదు, నాయనా" అని చెప్పితిని. అది అబద్ధము కాదు.

ఆ రాత్రి బొంతను అడ్డముగా కప్పుకొని నలుగురమును ఒకచోటనే పండుకొంటిమి. అందరి కాళ్ళును బయటికి వచ్చినవి. మరునాటి ఉదయము భోగిమంట చుట్టును ఊరివారందరు నిలిచియుండగా, ఏ యింటివారు ఏమి తెచ్చి మంటలో వేసిరో నేను చూచితిని. విరిగిన చాట, పుచ్చిన కొయ్య, పనికిరాని చీపురు. అంతకంటె పాతదియు చిరిగినదియు నైనను, గుడ్డపేలిక నెవ్వరును వేయలేదు. దాని కింకను పని కలదని మా యూరివారికి తెలియును.

నేడు సంతలలో మరలపై నేసిన రగ్గులు తక్కువ వెలకు దొరకుచున్నవి. కంబళ్ళు నేయు మగ్గములు తగ్గినవి. మేతబీళ్ళు తగ్గుటచే మందలు పెంచుటయు కష్టమైనది. మంచి రగ్గు కొనుక్కొనుట తప్పు కాదు. చలికి వణకుటలో గొప్పతన మేమియు లేదు. నాయన మరుసటి యేట పంట వచ్చినపుడు పులిబొమ్మ రగ్గును తెచ్చియే యిచ్చెను. నేను దానిని కప్పుకొని ఎంతయో సంతోషించితిని. అది కొన్నియేండ్లకు నలిగి పోయినది. బొంత మాత్రము చిరిగిన చోటనెల్ల అతుకు పడుచు ఇప్పటికిని మా యింట నున్నది. అందులో అవ్వ కట్టిన కడపటి చీర ముక్కయు కలదు.

బాలలారా! మీ యింట పెట్టె యడుగున బొంతయో, కంబళియో యున్నచో ఒకమారు బయటికి తీయుడు. దాని యతుకులను లెక్కింపుడు. ఏ ముక్క ఎవరిదో మీ యవ్వ నడుగుడు. ఆమె చెప్పుట ముగించునప్పటికి కషాయము చల్లారిపోవచ్చును. మరల కాచుకొనవచ్చును. చలికాలపు రాత్రి పొడవైనది గదా!

ప్రశ్నలు

1. మేఘములు లేని రాత్రులందు చలి హెచ్చుటకు కారణమేమి?
2. "చెనిక్కాయలో పారవేయదగిన దేదియు లేదు" అను వాక్యమును వివరింపుము.
3. చింతగింజలకును కంబళికిని గల సంబంధమేమి?
4. బొంతను అవ్వ చేతికిచ్చుటకు ముందు బాలుడు ఏల సందేహించెను? తరువాత ఏల ఇచ్చెను?
5. మీ యింట చలికాలమున చేతితో చేసికొను వస్తువును గాని, వంటకమును గాని గూర్చి పది వాక్యములు వ్రాయుము.